అంతరిక్ష కామరూపులు

తలచుకున్న రూపం ధరించే జీవి కామరూపి. పురాణాల్లో ఆ పని మాయ చేసిపెడుతుంది. సైన్స్ ఫిక్షన్‌లోని గ్రహాంతర కామరూపులకు ఆ వెసులుబాటు లేదు, ఒళ్లు ఎలా మారిందో కథే చెప్పాలి. చెప్పే తీరును బట్టి వీటిలో రకాలు ఏర్పడ్డాయి.

కొన్నిటి ఒళ్లు మారదు, చూసేవారి మనసే మోసపోతుంది. 1966 సెప్టెంబర్ 8న ప్రసారమైన 'స్టార్ ట్రెక్' తొలి ఎపిసోడ్‌లో ఉప్పు కోసం మనుషుల ప్రాణం తీసే జీవి ఒకే క్షణంలో డాక్టర్ మెకాయ్‌కి తాను ఒకప్పుడు ప్రేమించిన పడుచుగా, కెప్టెన్ కిర్క్‌కి వయసు మళ్లిన స్త్రీగా కనిపిస్తుంది. మరో రకం జీవులు మనిషికి నకలు పెంచుతాయి. జాక్ ఫినీ 1955 నవల 'ది బాడీ స్నాచర్స్'లో మనిషి నిద్రపోతుంటే అతని నకలు కాయలో పెరుగుతుంది.

ఇంకొన్నిటి ఒళ్లే నిజంగా మారుతుంది. 'స్టార్ ట్రెక్' కుటుంబంలోనిదే అయిన 'డీప్ స్పేస్ నైన్' సీరియల్‌లోని ఓడో ద్రవజీవి. ఎలుకగానూ మారగలడు. మరి మిగిలిన బరువు ఏమైనట్టు? ఎలుకంత ఒంట్లో 70 కిలోలు ఇరికితే సాంద్రత బంగారానికి పదింతలు దాటుతుంది. ద్రవ్యనిత్యత్వాన్ని ఇలా గాలికొదిలేయడం క్షమించరాని లోపం.

ఆ లెక్క తప్పనివాడు జాన్ కాంప్‌బెల్. డాన్ ఎ. స్టూవర్ట్ అనే కలంపేరుతో 1938లో ఆయన రాసిన 'హూ గోస్ దేర్?'లో అంటార్కిటికా మంచులో దొరికిన జీవి ప్రాణులను కణం కణంగా ఆక్రమించి వాటిలా తయారవుతుంది. తిన్నదే దాని బరువు. నకలు కణం దాకా పక్కాగా ఉంటుంది కనుక కళ్లతో పట్టుకోలేరు, రక్తాన్నే అడగాలి.

కథలోని రెండు రక్తపరీక్షల్లో మొదటిది నిజమైన సీరమ్ శాస్త్రం నుంచి వచ్చింది. ఒక జాతి రక్తాన్ని మరో జంతువుకు ఎక్కిస్తే, ఆ జంతువు సీరమ్ తర్వాత ఆ జాతి రక్తాన్ని గుర్తుపట్టి అవక్షేపం ఇస్తుంది. 1901లో పాల్ ఊలెన్‌హూట్ కుందేళ్ల సీరమ్‌తో మనిషి రక్తాన్ని వేరుచేసి చూపింది ఇలాగే. కథలో కుక్కకు ఇద్దరి రక్తం ఎక్కిస్తారు. సీరమ్ మనిషి రక్తానికీ స్పందిస్తుంది, ఆ జీవి రక్తానికీ స్పందిస్తుంది. అంటే రక్తమిచ్చిన ఇద్దరిలో ఒకరు మనిషి కాదు! పరీక్ష విఫలమైన తీరే ఒక రుజువైంది.

రెండో పరీక్ష కథలోని మెక్‌రెడీ అనే పాత్ర ఆలోచన. మనిషి రక్తం శరీరంలో ఒక భాగం, అంతే. ఈ జీవిలో ఏ ముక్కకు ఆ ముక్కే ఒక ప్రాణి, దాని చుక్కకు కూడా బతకాలనే తపన ఉంటుంది. కాల్చిన తీగ తగిలితే పారిపోజూస్తుంది. దీనికి కొంత పోలిక సముద్రంలో ఉంది. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజిక జీవిని సన్నని పట్టుగుడ్డలోంచి పిండి కణాలుగా విడదీస్తే, అవి పాక్కుంటూ చేరి మళ్లీ స్పంజికలయ్యాయి.

ఈ కథ ఆధారంగా వచ్చిన 1951 సినిమా 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' ఇదంతా వదిలేసి, జీవిని రక్తం తాగే మొక్కజాతి మనిషిగా మార్చింది. అదే కథను జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ది థింగ్' కాల్చిన తీగను తిరిగి తెచ్చింది. సీరమ్ పరీక్ష మాత్రం అందులో మొదలే కాదు. దాచిన రక్తాన్ని ఎవరో ముందే పాడుచేస్తారు. దాంతో రెండు రక్తాలకూ స్పందించిన ఆ కుక్క సీరమ్ నేటికీ కాంప్‌బెల్ పేజీల్లోనే ఉంది.