కుంపటి యెదుట నిలకడ

గుడివాడ నుండి బందరు పోవు రైలు చివరి స్టేషను చేరకముందు చిలకలపూడిలో ఆగును. అక్కడ దిగువారిలో కొందరు పాండురంగని భక్తులు. భక్త నరసింహము నెలకొల్పిన ఆ ఆలయములో 1929లో స్వామి ప్రతిష్ఠ జరిగినది. కార్తికమాసములో ఊరు పట్టనంత జనము వచ్చును. మరికొందరు నగల బేరగాండ్రు. ‘చిలకలపూడి బంగారము’ అన్న మాట తెలుగునాట ఇంటింట తెలిసినదే. ఆ మాటలో కొంత ఎత్తిపొడుపు లేకపోలేదు గాని, మేలిమి కొనలేని ఎందరో పెండ్లికూతుండ్ర మెడలకు కళ తెచ్చిన పని అది.

ఆ పనివారి కొట్టములో కొంతసేపు కూర్చున్నవానికి ఒక సంగతి తెలియును. నగ యెంత చిన్నదైనను అతుకు పెట్టు ఘడియ పెద్దది. రెండు తీగల కొనలు కలిపి, వెలిగారము పూసి, టంకపు తునుక నుంచి, దీపపు మంటను ఊదుగొట్టముతో సరిగా ఆ చోటికే మళ్లింపవలెను. ఊపిరి చాలదా, టంకము కరుగదు. మించినదా, సన్నపని యంతయు కరిగి ముద్ద యగును. ఇప్పుడు చాలచోట్ల గ్యాసు మంట వచ్చినది. బంగారు పూతకు విద్యుత్తు వచ్చినది. అయినను మంట యెక్కడ ఆగవలెనో చెప్పునది నేటికిని మనిషి చేయియే.

పండుగ దగ్గరపడినది, సరకు అందలేదని వర్తకుడు మనిషిని పంపినాడు, అంతలో పనినేర్చుకొను కుఱ్ఱవాడు పళ్లెము జారవిడిచినాడు అనుకొందము. పెద్ద పనివాడు కేకలు వేసినచో ఏమగును? జారిన పళ్లెము తిరిగి రాదు. కాని తక్కిన నలుగురి చేతులు వణకును. ఆ వణకు తరువాతి పది అతుకులలో కనబడును. కోపము వెల ఆ పూట లెక్కలోనే తేలును. మన కచేరీలలోను బడులలోను ఈ లెక్క తేలుటకు ఏండ్లు పట్టును కనుక, అక్కడ కోపము చవుక అని పెద్దలు భ్రమపడుదురు.

అట్లని కోపమును దిగమ్రింగుట నిలకడ అనిపించుకొనదు. 2003లో అమెరికాలో ఎమిలీ బట్లరు, జేమ్స్ గ్రాసు మొదలగువారు ప్రకటించిన పరిశోధన యొకటి దీనికి సంబంధించినది. ఒకరి నొకరు ఎరుగని స్త్రీలను ఇద్దరిద్దరిగా కూర్చుండబెట్టి, కలత పుట్టించు చిత్రము చూపి, దానిని గూర్చి మాటలాడుకొమ్మనినారు. కొన్ని జంటలలో ఒకామెకు మాత్రము, నీ మనసులోని భావము ముఖమున కనబడనీయకుమని రహస్యముగా చెప్పినారు. ఎదుటనున్న ఆమెకు ఆ సంగతి తెలియదు. అయినను ఆమె రక్తపు పోటు పెరిగినది. బిగించిన పెదవి ఎదుటివారిని కూడ బిగించునన్న మాట. ప్రధానోపాధ్యాయుడు మాట్లాడని దినమున ఉపాధ్యాయుల గది యెట్లుండునో ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఊదుగొట్టము మంటను ఆర్పదు, ఒకచోటికి మళ్లించును. చిలకలపూడి పనివాని విద్య అంతయు అందులోనే ఉన్నది.

విరాటపర్వములో ఇట్టి విద్యకు సాటిలేని ఘట్టమున్నది. కంకుడను పేర కొలువులో నున్న ధర్మరాజు, ఉత్తరుని విజయమునకు బృహన్నల కారణమని పలుకగా, విరాటుడు సహింపలేక పాచికతో ముఖముపై కొట్టినాడు. నెత్తురు వచ్చినది. కొట్టినవాడు యజమాని, కొట్టబడినవాడు చక్రవర్తి! ఆ క్షణమున ధర్మజుడు తన అవమానమును లెక్కింపలేదు, నెత్తురు నేల రాలకుండ చూచుకొన్నాడు. ద్రౌపది అతని చూపు గ్రహించి ఆదుకొన్నది. అంతలో ద్వారపాలకుడు ఉత్తరుడును బృహన్నలయు వచ్చినారని చెప్పగా, ఉత్తరుని మాత్రమే రానిమ్మని రహస్యముగా చెప్పి పంపినాడు. ఆ నెత్తురు అర్జునుని కంటబడినచో విరాటుడు మిగులడు. తరగతిలో ఈ ఘట్టమును ధర్మరాజు ఓర్పుకు ఉదాహరణముగా బోధించుట అలవాటు. ఓర్పు అనుట చాలదు. తన గాయమును చూచి ఇంకెవరు ఏమి చేయుదురోనని ముందుగా ఆలోచించుట అది. నలుగురికి పెద్దయైనవాని దుఃఖము అతని ఒక్కనిది కాదు.

చిలకలపూడిని ఆనుకొనియే బందరున్నది. 1939 జనవరిలో ఆ పట్టణమునకు పెద్ద దెబ్బ తగిలినది. కాంగ్రెసు అధ్యక్షపదవికి మౌలానా ఆజాదు పోటీ నుండి తప్పుకొనగా, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు సుభాష్ చంద్రబోసును ఎదుర్కొని ఓడినారు. బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. ఆ ఓటమి పట్టాభిది కన్న తనది యెక్కువ అని గాంధీజీ ప్రకటించినారు. దానిని గొప్ప ఊరటగా చెప్పుకొనుట వాడుక. కాని నిదానించి చూచిన, అది ఎంత కఠినమైన ఊరట! గెలుపు ఎట్లును దక్కలేదు. ఓటమియైనను తనది కాకపోయినది. అప్పటికి ఆయనకు ఏబదియెనిమిదేండ్లు, దేశమంతయు పేరు. అట్టివాడు ఇంటి తలుపు వేసికొని కూర్చున్నను ఎవరును తప్పుపట్టరు.

ఆయన కూర్చుండలేదు. 1942 ఆగస్టులో కాంగ్రెసు కార్యవర్గముతో కూడ పట్టుబడి, దాదాపు మూడేండ్లు అహమ్మదునగరు కోటలో ఉన్నారు. అక్కడ దినచర్య వ్రాసినారు. అది 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అను పేర ఇంగ్లీషులో పుస్తకమై వచ్చినది. ఈకలు, రాళ్లు! బరువైనదియు తేలికైనదియు రెండును కాగితము మీదికి దిగుటకు అక్కడ చోటు దొరకినది. 1948లో పురుషోత్తమదాసు టాండనుపై గెలిచి ఆయన జయపురము కాంగ్రెసుకు అధ్యక్షులైనారు.

రాజకీయము అట్లుండ, ఆయన నెలకొల్పిన కచేరీ మాట చూడవలెను. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న బందరులో పని ప్రారంభించినది. బ్యాంకునకు ఇనుపపెట్టె కన్న బల్ల వెనుక కూర్చున్నవాని ముఖము ముఖ్యము. 1938లో ట్రావన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడినప్పుడు దక్షిణదేశములో డబ్బు దాచుకొన్నవారికి కలవరము పుట్టినది. అట్టి వేళ గుమాస్తా కనుబొమ ముడిచినను వీధిలో కథ పుట్టును. వ్యవస్థాపకుడు జైళ్లలో నున్న కాలములో సైతము ఆంధ్రా బ్యాంకు నడచినది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలియువరకు ఆ పేరు నిలిచినది. తాను లేనప్పుడు తన క్రిందివారు తడబడకుండుటయే పెద్దవాని నిలకడకు సరియైన గీటురాయి అని తోచును.

పట్టాభికి దినచర్య యెట్టిదో, ముట్నూరి కృష్ణారావుగారికి సాయంకాలపు దర్బారు అట్టిది. 1907 నుండి 1945లో కన్నుమూయువరకు ఆయన కృష్ణాపత్రిక సంపాదకులు. వారము వారము తప్పని పని, తెల్లదొరల కన్ను, చాలీచాలని ఆదాయము. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను తనతోను పట్టాభితోను కలిసి నెలకొల్పిన కోపల్లె హనుమంతరావుగారు 1922లోనే వెళ్లిపోయినారు. ఇంత బరువులోను పత్రిక కచేరీలో సాయంకాలము కవులు, గాయకులు, చిత్రకారులు చేరెడివారు. పాట, వాదము, నవ్వు సాగెడివి. అది పనికి అడ్డమని లెక్కలు చూచువారు అనవచ్చును. ఆ నవ్వు లేనిదే ముప్పదియెనిమిదేండ్ల పని సాగునా?

మన బడులలో పెద్దవారికి ఇట్టి చోటు ఏదియు లేదు. ఫలితాలు తగ్గినవని పై అధికారి కసరిన మాట మధ్యాహ్నమునకు ఉపాధ్యాయునికి, మూడవ గంటకు పిల్లవానికి చేరుచున్నది. పిల్లవాడు దానిని ఇంటికి తీసికొనిపోయి తమ్మునిపై దించుకొనును. కచేరీ గదినుండి తరగతికి మధ్యనున్న వసారాలో నాలుగడుగులు మెల్లగా నడచుట, చెప్పవలసిన కటువు మాటను ఒక రాత్రి కాగితము మీద ఉంచి ఉదయము మరల చదువుట, సాటి ప్రధానోపాధ్యాయునితో వారమున కొకనాడు మనసు విప్పి మాటలాడుట — ఇవి ఏ ప్రభుత్వపు ఉత్తరువు లేకయే చేయదగిన పనులు. తప్పు చేసినవానిని మందలింపవద్దని కాదు. ఎవని తప్పు వానికే, ఆ తప్పంత మేరకే తగులవలెను. మంట ప్రక్క తీగకు పోరాదు.

చిలకలపూడి కొట్టములో పళ్లెము జారినప్పుడు అనుభవజ్ఞుడైన పనివాడు ముందుగా ఊదుగొట్టము క్రింద పెట్టును. అరుగు మీదికి పోయి గ్లాసెడు నీళ్లు త్రాగును. తిరిగి వచ్చి, కుఱ్ఱవానితో కలిసి నేల మీది పూసలు ఏరును. అవి అన్నియు దొరకిన పిదప, “టంకము తెమ్ము” అనును.