అద్దాల కొట్టు వేడెక్కడం ఎందుకు? ఫిల్మ్ ఆపేది ఎలా?

వేసవి సాయంత్రం తిరుపతి అలిపిరిలో పడమటి ముఖం అద్దాల కొట్టులోకి అడుగుపెడితే ఉక్క ముఖాన కొడుతుంది. ఎందుకు?

సూర్యరశ్మి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వెలుగుతో పాటు అవీ అద్దం దాటొచ్చి నేలనూ సామాన్లనూ వేడెక్కిస్తాయి. ఆ వస్తువులు వెదజల్లే పొడవాటి పరారుణ తరంగాలను మాత్రం అద్దం నేరుగా బయటికి పోనివ్వదు. వేడి లోపలే చిక్కుకుంటుంది.

అద్దానికి అంటించే ఫిల్మ్ ఈ వేడిని ఎలా ఆపుతుంది?

రంగు ఫిల్మ్ ఎండను పీల్చుకుంటుంది. ఆ వేడిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. లోహపు పూత ఎండను వెనక్కి తిప్పుతుంది. సెరామిక్ ఫిల్మ్ వెలుగును రానిస్తూనే పరారుణాన్ని బాగా అడ్డుకుంటుంది. కాబట్టి నల్లగా ఉంటేనే చల్లగా ఉంటుందనుకోకండి.

ఎలా ఎంచుకోవాలి?

మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుంది, ఎంత వెలుగు రానిస్తుంది అని రెండూ అడగాలి. పరారుణాన్ని ఆపే శాతం ఒక్కటే చాలదు. ఎండను ఎక్కువగా పీల్చే ఫిల్మ్ వేస్తే కొన్ని రకాల అద్దాలు వేడికి పగలొచ్చు. ఫిల్మ్ వేసేవాళ్లకు అద్దం రకం ముందే చెప్పాలి.

ముందు ఏ అద్దానికి?

ఏప్రిల్ చివర్లో తిరుపతిలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు నిలువు అద్దంపై నేరుగా పడే ఎండ తక్కువ. ఉదయం తూర్పు అద్దానికీ, సాయంత్రం పడమటి అద్దానికీ సూర్యుడు ఎదురుగా ఉంటాడు. డబ్బు తక్కువైతే పడమటి అద్దంతో మొదలుపెట్టండి. బయట పందిరి కూడా వేస్తే కొంత ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది.