ఒక లెక్క - పెక్కు యంత్రములు

రేపు వాన కురియునా యను ప్రశ్నకు జవాబు ఎల్లుండి వచ్చినచో రైతునకు ప్రయోజనము లేదు. వాతావరణపు లెక్కలు సకాలములో ముగియవలెనన్న వేలకొలది ప్రాసెసర్లు ఒకే లెక్కను పంచుకొనవలెను. ఇట్టి యంత్ర సముదాయమే సూపర్ కంప్యూటరు. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ క్రింద హైదరాబాదు ఐ.ఐ.టి.లో నెలకొల్పిన ‘పరమ్ సేవ’ గరిష్ఠముగా సెకనుకు 838 లక్షల కోట్ల గణనలు చేయగలదు. అయినను లెక్కను పంచిపెట్టుట మానవుని పని. ఆ నేర్పు లేనిచో ఎంతటి యంత్రమైనను వృథాయే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వాతావరణమును మూడు ప్రాసెసర్లకు అప్పగించినారనుకొనుడు. మేఘములకు పొలిమేరలు లేవు. సూర్యాపేటపై నున్న మేఘము కోదాడపైకి సాగవచ్చును. కావున ప్రతి ప్రాసెసరును తన సరిహద్దులోని గాలి, తేమ, పీడనముల విలువలను పొరుగు ప్రాసెసరుకు ఎప్పటికప్పుడు తెలుపుచుండవలెను. వేరువేరు యంత్రముల నడుమ ఈ సందేశములను నడుపు పద్ధతికి ఎం.పి.ఐ. అని పేరు. ఒకే యంత్రములోని ప్రాసెసర్లు ఉమ్మడి మెమొరీతో పనిచేయుటకు ఓపెన్ ఎం.పి. అను పద్ధతి కలదు.

ప్రాసెసర్లను పెంచినకొలది వేగము పెరుగునా? మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు పెక్కు కలవు. ఒక మిల్లులో మరలు ఎన్ని యున్నను, ధాన్యము తూచు కాటా ఒక్కటే యైనచో లారీలు బారులు తీరును. లెక్కలోను ఇంతే. 100 నిమిషముల పనిలో 10 నిమిషముల భాగము విభజింపరానిదనుకొనుడు. మిగిలిన 90 నిమిషముల పనిని 9 ప్రాసెసర్లు పంచుకొన్నచో మొత్తము 20 నిమిషములు పట్టును. 90 పంచుకొన్నచో 11 నిమిషములు. ఎన్ని చేర్చినను 10 నిమిషములకు తగ్గదు. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపెను.

ఈ విద్యకు ఇంటిలోని కంప్యూటరే చాలును. నేడు దానిలోను సాధారణముగా నాలుగైనను ‘కోర్’లు, అనగా విడివిడిగా లెక్కచేయు భాగములు, ఉండును. 2017 నవంబరు నుండి ప్రపంచములోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నియు లినక్స్‌తోనే నడచుచున్నవి. అది ఉచితముగా లభించును. విద్యార్థి ముందుగా లినక్స్ ఆదేశములను, పిదప సీ భాషను నేర్వవలెను.

అటుపై ఒక ప్రయోగము. ఒక కోటి లోపల ప్రధాన సంఖ్యలు ఎన్నియో మొదట ఒక కోర్‌తోను, తరువాత నాలుగింటితోను లెక్కించి, పట్టిన కాలమును వ్రాసికొనవలెను. సంఖ్యలను నాలుగు సమాన భాగములు చేసినచో పెద్ద సంఖ్యల భాగము ఆలస్యముగా ముగియును. సంఖ్య పెద్దదైనకొలది దానిని పరీక్షించు పని పెరుగుటయే కారణము. రెండు కోర్‌లు ఒకే మొత్తమును ఒకేసారి దిద్దినచో, ఇద్దరు గుమాస్తాలు ఒకే పద్దును దిద్దినట్లు, ఒకరి కూడిక మాసిపోవును. సరియైన జవాబు 6,64,579. అది వచ్చిన పిమ్మటనే వేగమును గూర్చి ఆలోచింపవలెను.