ఇల్లు మారునప్పుడు ఇంటర్నెట్టు సంగతి

పాఠశాల తెరచు జూన్ నెలలో చిరునామా మార్పు వ్రాయించుటకు మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులు ప్రతియేటను కొందఱుందురు. హోసూరు కార్ఖానాలలో పని చేయువారు అద్దె ఒప్పందము పదునొకండు నెలలు నిండగానే వేఱొక వీధికి మారుదురు. కొందఱు కృష్ణగిరికిని, మఱికొందఱు బెంగుళూరునకును పోవుదురు. గ్యాసు, రేషను కార్డు, పిల్లవాని బదిలీ పత్రము మొదలగువాని నెల్ల ముందుగనే జ్ఞప్తియందుంచుకొందురు. ఇంటర్నెట్టు మాట మాత్రము సామానులు లారీ ఎక్కిన తరువాత గాని గుర్తునకు రాదు. అప్పటికి పది పదునైదు దినములు ఇంటిలో ఆ వసతి లేకుండ గడపవలసి వచ్చుచున్నది.

పది దినములే కదా యని కొందఱనవచ్చును. తమిళము చదువు పిల్లవానికి ఆ మాట చెల్లునేమో కాని, మన పిల్లలకు చెల్లదు. వాని భాష వీధిలోని బోర్డుమీద నున్నది, బస్సుమీద నున్నది, మూలనున్న గ్రంథాలయములో నున్నది. మన పిల్లవానికి తెలుగు అక్షరము కనబడు తావులు రెండే: ఒకటి బడి, రెండవది ఇల్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములు నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2017వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన ప్రారంభించిన దీక్షా అను వేదికలోను తెలుగు పాఠములు కలవు. ఒక మాటకు అర్థము కావలసినప్పుడు ఆంధ్రభారతి నిఘంటువులను తెరచి చూచుకొనవచ్చును. ఇవి మన ఊరి పుస్తకముల అంగడిలో అడిగినను దొరకునవి కావు. కావున ఈ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఒక తల్లి నన్ను "అయ్యవారూ, ఆ పెట్టెను విప్పి మూటలో కట్టుకొని పోయి కొత్త ఇంటిలో తగిలించుకొంటే చాలదా?" అని అడిగినది. న్యాయమైన ప్రశ్నయే. మిక్సీని గాని టెలివిజనును గాని మనమట్లే చేయుదుము. చేతి ఫోను సంఖ్య సయితము మనతో వచ్చును. 2015వ సంవత్సరము జూలై 3వ తేదీనుండి ఏ రాష్ట్రమునకు పోయినను, కంపెనీని మార్చినను పాత సంఖ్యనే ఉంచుకొను వీలు దేశమంతట కలిగినది. ఇది చూచి ఇంటి ఇంటర్నెట్టును అటువంటిదే యని తలచుట సహజము. కాని అది అటువంటిది కాదు. అది మనిషికి ఇచ్చినది కాదు, తావునకు ఇచ్చినది.

నేడు మన ఇండ్లకు వచ్చు తీగలో రాగి లేదు, గాజు ఉన్నది. ఆ గాజుపోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. కంపెనీ కేంద్రమునుండి బయలుదేరిన ఒక పోగు వీధి చివర చిన్న డబ్బాలో చీలి, 32 ఇండ్లకు గాని 64 ఇండ్లకు గాని పంపకమగును. ఆ చీలికలలో ఒకటి మీది. మీ గోడకు తగిలించిన పెట్టెకు ఒక క్రమసంఖ్య కలదు. కేంద్రములోని యంత్రము ఆ సంఖ్యను తన జాబితాలో వ్రాసికొని, ఆ సంఖ్యగల పెట్టెకు మాత్రమే బదులు పలుకును. కాబట్టి పెట్టెను మఱొక పేటకు తీసికొనిపోయి తగిలించినచో అక్కడి కేంద్రము దానిని ఎఱుగదు. ఎఱ్ఱదీపము వెలుగుచుండునే గాని పని జరుగదు. ఇల్లు మారుటయనగా ఒక డబ్బాలోని చీలికను వదలి, వేఱొక డబ్బాలో ఖాళీగానున్న చీలికను సంపాదించుట. మీతో వచ్చునది మీ పేర నున్న ఖాతా, దానిలోని డిపాజిట్టు, మిగిలిన దినముల సొమ్ము. కంపెనీ అంగీకరించిన యెడల పెట్టెయు వచ్చును. తీగ మాత్రము రాదు.

ఇది తెలిసికొన్నచో మొదట అడుగవలసినది ఏమో తేలికగా బోధపడును. "మీ కంపెనీ బెంగుళూరులో ఉన్నదా?" అని అడిగిన లాభము లేదు, ఉన్నదనియే చెప్పుదురు. "ఫలానా వీధిలో, ఫలానా సంఖ్యగల ఇంటికి, రెండవ అంతస్తునకు మీ తీగ అందునా? డబ్బాలో చోటు ఖాళీ ఉన్నదా?" అని అడుగవలెను. అనేక పట్టణములలో కంపెనీ పేరు ఒకటైనను, పని నడుపువాడు స్థానికుడైన కేబులు ఆపరేటరు. ఒక వీధి అతనిది, ప్రక్క వీధి వేఱొకనిది. కొన్ని అపార్టుమెంటులలో ఒకే కంపెనీ తీగ ఉండును. ఈ విచారణ ఇంటికి అడ్వాన్సు ఇయ్యకముందే చేయుట మేలు. నీటి వసతి, బడి దూరము విచారించినట్లే దీనిని విచారింపవలసిన కాలము వచ్చినది.

రాష్ట్రము మారినప్పుడు సంగతి వేఱు. హోసూరునుండి బెంగుళూరునకు నలువది కిలోమీటర్లే అయినను, నడుమ తమిళనాడు కర్ణాటకముల ఎల్లయున్నది. బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థలో ఈ రెండును వేఱువేఱు సర్కిళ్లు. ల్యాండ్‌లైను ఉన్నవారి 04344 సంఖ్య బెంగుళూరు 080 లోనికి రాదు, కృష్ణగిరి 04343 లోనికి సయితము రాదు. ఇట్టి సందర్భములలో సాధారణముగా పాతదానిని మూసి, కొత్తదానికి దరఖాస్తు పెట్టుకొనుటయే మార్గము. కుప్పము వైపునుండి మన ఊరికి వచ్చు కుటుంబములు కొన్ని ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పెట్టెను వెంట తెచ్చుకొనుచున్నవి. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి ప్రారంభించిన ఆ పథకము నెలకు 149 రూపాయలకే మొదలై పలువురికి ఉపకరించినది. అయినను అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ. దాని పోగులు ఆ రాష్ట్రపు ఎల్ల దాటి మన ఇండ్లకు రావు. ఆ పెట్టెను అక్కడనే అప్పగించి రశీదు తీసికొని రావలసినది.

ఊరిలోనే మారువారు పదునైదు దినములు ముందుగా దరఖాస్తు ఇచ్చుట మంచిది. కొత్త ఇంటి అద్దె ఒప్పందము నకలు అడుగుదురు. ఖాతా ఎవరి పేర నున్నదో వారి గుర్తింపు పత్రమే కావలెను. పాత ఇంటి యజమాని పేరనో, బావమఱది పేరనో ఉన్న కనెక్షనును మార్పించుటకు పోయి ఇబ్బంది పడినవారు మన తల్లిదండ్రులలో ఒకరిద్దఱు కలరు. పేరు మార్పు వేఱు పని, ఇల్లు మార్పు వేఱు పని. మొదటిది ముగించుకొని రెండవదానికి పోవలెను. ఆరునెలలకో సంవత్సరమునకో ఒక్కసారి సొమ్ము కట్టినవారు మిగిలిన నెలలు కొత్త ఇంటిలో చెల్లునా చెల్లవా అన్నది వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. మార్పు రుసుము ఎంతయో కూడ ముందే అడుగవలెను. అది కంపెనీకొక తీరుగ నుండును.

గోడకు రంధ్రము చేయుటకు కొత్త ఇంటి యజమాని ఒప్పుదల పొందియుంచవలెను. పనివాడు వచ్చి నిచ్చెన వేసిన తరువాత యజమాని కాదనిన, ఆ పనివాడు మఱల వచ్చుటకు వారము పట్టును. తీగ మూలలవద్ద మడత పడకుండ గుండ్రముగా త్రిప్పించుడు. మడత పడినచోట కాంతి బయటికి పోయి వేగము తగ్గును, గాజు విఱుగనువచ్చును. పిల్లలను ఆ సమయమున దూరముగా నుంచుడు. పోగులో ప్రయాణము చేయు కాంతి కంటికి కనబడనిది. తెగిన కొసను కంటిదగ్గఱ పెట్టుకొని చూడరాదు. క్రిందపడిన ముక్కలు పాదములలో గ్రుచ్చుకొనును.

నడుమ ఖాళీ దినములకు ఏమి చేయవలెనని అడుగుదురు. దీక్షాలోని పాఠములను ముందుగనే ఫోనులో దాచుకొన్నచో, తరువాత ఇంటర్నెట్టు లేకున్నను తెరచుకొనును. పాఠ్యపుస్తకములును అట్లే. మిగిలిన అవసరములకు ఫోనునుండి పంచుకొనవచ్చును. నా ఎఱుకలో ఇదే చాలును. పది దినముల కొఱకు వేఱొక కనెక్షను కొనుట దండుగ.

ఇక మూసివేయు సంగతి. కొత్తది నడచిన తరువాతనే పాతదానిని మూయుట క్షేమము. నోటిమాటతో గాని ఫోనులో చెప్పి గాని మూసినట్లు తలపరాదు. మన విద్యార్థి తండ్రి యొకరు ఆపరేటరు కుఱ్ఱవానికి నోటితో చెప్పి వెడలిపోయిరి. నాలుగు నెలల బిల్లు, దానిపై ఆలస్య రుసుము ఆయన ఫోనునకు వచ్చినవి. దరఖాస్తు వ్రాసి, దాని సంఖ్యను తీసికొని, కంపెనీ పెట్టెను అప్పగించి, పెట్టె క్రమసంఖ్య వ్రాసిన రశీదు పుచ్చుకొనవలెను. ఇచ్చుటకు ముందు మీ రహస్యపదము దానినుండి తుడిపివేయించుడు. మూసిన పిమ్మట డిపాజిట్టును 45 దినములలోపల తిరిగి ఇయ్యవలెనని ట్రాయి 2024వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి.

ఇయ్యకపోయిన యెడల మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రమునకు తెలిపి డాకెట్ సంఖ్య తీసికొనవలెను. 2012వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీయందును దానిపైన అప్పీలు అధికారి యుండవలెను. అప్పీలును 39 దినములలో తేల్చవలెను. ట్రాయి స్వయముగా ఒక్కొక్కరి ఫిర్యాదును విచారింపదు. కావున దానికి ఉత్తరములు వ్రాసి ఎదురుచూచుట వృథా. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అక్కడ తెలుగులోను మాటలాడవచ్చును. అప్పటికిని పని కానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. టెలిఫోను తగవులను ఆ కమిషనులు విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టము చేసినది.

కొత్త పెట్టె వచ్చినచో దానికి పాత వైఫై పేరును, పాత రహస్యపదమునే పెట్టించుకొనుడు. ఇంటిలోని ఫోనులు, టెలివిజను, పిల్లవాని ట్యాబు వేఱే శ్రమ లేకుండ తామే దానిని కలిసికొనును. పెట్టెను బీరువా వెనుక దాచక, పిల్లలు చదువుకొను గదికి దగ్గఱగా, ఎత్తైన చోట నుంచవలెను. కొత్త చిరునామాతోపాటు, మారినచో ఫోను సంఖ్యను గూడ మా కార్యాలయములో వ్రాయించిపొండు. పరీక్షల కబుర్లన్నియు ఆ సంఖ్యకే పంపుచున్నాము.