మతి చలించిన ముద్దాయికి దిక్కెవరు?

భద్రాచల మన్యమునకు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము సుమారు 300 కిలోమీటర్ల దూరము. గోదావరి యొడ్డున కోయగూడెములో నొకడు మతి చలించి నేరమున చిక్కినచో, ఇల్లాలికి కోర్టొక యరణ్యము, ఆసుపత్రి మరియొక యరణ్యము.

తనపై మోపిన నేరమేమో, వకీలు కేమి చెప్పుకొనవలెనో గ్రహింపలేనివానిని విచారించుట న్యాయము కాదు. వైద్యుడు పరీక్షించి యట్లు తేల్చినచో విచారణ నిలుపవలెను. నయమైన పిమ్మట మరల సాగింపవలెను. 2024 జూలై నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితయు నిదే చెప్పుచున్నది. అమెరికాలో మందులతోపాటు, కోర్టులో నెవరేమి చేయుదురో రోగికి పాఠమువలె నేర్పుదురు. (కోయమాట తప్ప నెరుగనివాడు కోర్టు తెలుగునకు తెల్లబోయిన నది పిచ్చి గాదు, వానికి కావలసినది దుబాసి.)

మా భయమెల్ల “నిలుపుట” యను మాటయందే. అస్సాములో మచాంగ్ లాలుంగ్ అను గిరిజనుడు 1951లో పట్టుబడెను. 1967లోనే వైద్యులు నయమైనదనిరి. అడుగువారు లేక, విచారణయే జరుగక, 2005లో ఒక్క రూపాయి పూచీపై బయటపడెను. అప్పటికి 54 ఏండ్లు గడచినవి!

కావున సోదరీమణులారా, అడుగుట మానకుడు. ఆసుపత్రిలో నుంచనక్కరలేని జబ్బైనచో, క్రమముగా వైద్యము చేయింతుమనియు, తనకుగాని పరులకుగాని హాని చేసికొననీయమనియు బంధువులు పూచీపడిన, కోర్టు జామీనుపై విడువవచ్చును. 1987 నాటి చట్టముచే స్త్రీలకును గిరిజనులకును వకీలు ఉచితము. న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలెను. “గాలి సోకిన”దని జబ్బును దాచుట పట్టణపు టిండ్లలోను తక్కువ గాదు. నిద్ర యెన్నడు తప్పినదో, ఏ మందులు వాడినారో తేదీలతో వ్రాసియుంచుడు. ఆ కాగితము వైద్యునకును న్యాయాధిపతికిని పనికివచ్చును.