కారు తలుపు మీట

మోటారుకారు తలుపు తెరచినంతనే లోపలి దీపము వెలుగుటయు, మూసినంతనే ఆరుటయు మీరు చూచియే యుందురు. ఆ దీపమును వెలిగించినదెవరు? పాతకాలపు కారు ఎక్కునపుడు తలుపుచట్రమును పరికింపుడు. చిటికెనవ్రేలి కొనయంత బొడిపె యొకటి పొడుచుకొని యుండును. దానిని వ్రేలితో నొక్కుడు; తలుపు తెరచియున్నను దీపమారిపోవును.

పిలుపుగంట మీటను నొక్కిన గంట మ్రోగును, విడిచిన ఆగును. ఈ మీట నడవడి దానికి విపరీతము. బొడిపె వెనుక కడ్డీయు, దానిని ఎల్లప్పుడు వెలుపలికి త్రోయు స్ప్రింగును గలవు. దీపమునుండి వచ్చిన తీగ కడ్డీకి తగులుకొని యుండును. తలుపు తెరువగనే కడ్డీ ముందుకు జరిగి, దాని చివరనున్న లోహపు బిళ్ల చుట్టునున్న ఒరను తాకును. ఒర కారు శరీరమునకు బిగింపబడినది. బ్యాటరీ ఋణధ్రువము కూడ ఆ శరీరమునకే కలుపబడి యుండుటచేత విద్యుత్తు ఇనుపరేకు గుండనే తిరిగి చేరును. రెండవ తీగ యక్కరలేదు! తలుపు మూయగా బిళ్ల వెనుకకు జరిగి ఒరను విడుచును.

చూచుటకు స్వల్పమేగాని, దీనిని రూపొందించుట సులభము కాదు. తలుపు ప్రతిసారియు ఒక్కచోటనే ఆగదు. అంచురబ్బరు అణగును, బందులు అరుగును. కావున తలుపు పూర్తిగా మూసికొనుటకు కొంత ముందే బిళ్ల ఒరను విడువవలెను. అటుపైనను కడ్డీ లోనికి పోవుటకు చోటు మిగిలియుండవలెను. లేనిచో తలుపును విసరి వేసిన నాడు మీట పగిలిపోవును. వాననీరు చొరకుండుటకు రబ్బరు తొడుగును తొడుగుదురు.

కొన్నియేండ్ల క్రిందట మా పొరుగింటి పెద్దమనిషి కారు తలుపున, బొడిపెను నొక్కవలసిన రబ్బరు బిళ్ల యూడిపోయినది. నాలుగణాల వస్తువు గదాయని ఆయన ఉపేక్షించెను. షెడ్డులోనున్న కారులో దీపము రాత్రియెల్ల వెలుగుచునే యుండెను. పండ్రెండు వోల్టులపై 5 వాట్ల దీపము సుమారు 0.4 ఆంపియరు లాగును. పది గంటలకు 4 ఆంపియరు-గంటలు. క్రొత్త బ్యాటరీ యైనచో ఓర్చుకొనెడిదే. ఆయనది పాతది. ఇంజనును కదలించు మోటారుకో, ఆ క్షణమున నూరు ఆంపియర్లకు పైగా కావలెను. తెల్లవారుజామున మనుమరాలికి ఆయాసము హెచ్చి ఆసుపత్రికి పోవలసిరాగా కారు కదలలేదు. వీధివారమందరము కూడి త్రోసిన పిదపనే ఇంజను అందుకొన్నది. పిల్ల కోలుకొన్నది.

తలుపు మెల్లగా కదలినపుడు లోహములు నెమ్మదిగా ఎడమై నిప్పురవ్వలు పుట్టును. వానిచే కొనలు మాడును. దీనికి విరుగుడైన మీటను 1932లో అమెరికాలోని ఫ్రీపోర్టు పట్టణమున మెక్‌గాల్ అనునాతడు కనిపెట్టెను. అందు వంచిన సన్నని రేకు, హద్దు దాటగనే టక్కున అవతలికి దుముకును. నొక్కువాడు ఎంత నిదానించినను దాని దూకుడు తగ్గదు. నేటి కారులు పెక్కింటిలో ఇట్టి చిన్న మీటను తలుపు గడియలోనే అమర్చుచున్నారు. కావున అట్టి కారులలో ఎంత వెదకినను చట్రముపై బొడిపె కానరాదు.