స్లోగా పరిగెడితే ఫాస్ట్ అవుతామా? 80/20 ట్రైనింగ్ అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్ రన్నింగ్ గురించి. సైక్లింగ్, స్విమ్మింగ్ చేసేవాళ్ళకి కూడా ఇదే లెక్క పనికొస్తుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

ముందు నా కథ చెప్తాను. జాబ్‌లో ఉన్నప్పుడు, పొద్దున లాగిన్ అయ్యేలోపు వారానికి అయిదు రోజులు రన్నింగ్‌కి వెళ్ళేవాడిని. రోజూ అదే 6 కిలోమీటర్లు, అదే స్పీడు, కిలోమీటర్‌కి సుమారు 6 నిమిషాల 20 సెకండ్లు. అంటే మరీ ఈజీ కాదు, అలాగని ప్రాణం పోయేంత కష్టమూ కాదు. చెమట బాగా పట్టేది, యాప్‌లో స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టేవాడిని, పది లైకులు వచ్చేవి. కానీ ఏడాది గడిచినా నా 10కె టైమ్ 62 నిమిషాల దగ్గరే ఆగిపోయింది. ఫస్ట్ హాఫ్ మారథాన్‌లో 16వ కిలోమీటర్ దగ్గర కాళ్ళు పట్టేసి, మిగతా అయిదు కిలోమీటర్లు నడిచాను. తర్వాత మోకాలి కింద ఎముక దగ్గర నొప్పి మొదలైంది. రన్నింగ్ మన ఒంటికి పడదులే, మానేద్దాం అనుకున్నాను.

తప్పు ఒంటిది కాదు, స్పీడుది. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, రోజూ ఒకే స్పీడుది.

స్టీఫెన్ సైలర్ అని ఒక అమెరికన్ సైంటిస్ట్ ఉన్నారు. 1990ల మధ్యలో ఆయన నార్వే వెళ్ళి సెటిలయ్యారు. అక్కడ అడవి దారిలో ఒక టాప్ లెవెల్ స్కీయింగ్ అథ్లెట్ పరిగెడుతూ కనిపించింది. ఎత్తు రాగానే ఆవిడ పరుగు ఆపేసి నడక మొదలుపెట్టింది! అంత పెద్ద అథ్లెట్‌కి ఆ మాత్రం ఎత్తు ఎక్కే దమ్ము లేదా? ఉంది. కానీ ఆ రోజు ఆవిడ ప్లాన్‌లో ఉన్నది ఈజీ ట్రైనింగ్. ఎత్తు మీద పరిగెడితే అది ఈజీగా ఉండదు, అందుకే నడిచింది. సైలర్‌కి ఆ సీన్ మనసులో ఉండిపోయింది. తర్వాత రోయింగ్, స్కీయింగ్, సైక్లింగ్, రన్నింగ్ అథ్లెట్ల ట్రైనింగ్ డైరీలు చూస్తే దాదాపు ఒకే ప్యాటర్న్ కనిపించింది. పది సెషన్లలో ఎనిమిది ఈజీ, రెండు హార్డ్. మనం 80/20 అంటున్నది దీన్నే.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరపాటు పడతారు. ఆ 80 అనేది సెషన్ల లెక్క, నిమిషాల లెక్క కాదు. హార్డ్ రోజు కూడా వార్మప్, మధ్యలో రెస్ట్ ఉంటాయి కదా. నిమిషాల్లో లెక్కేస్తే ఈజీ వాటా 90 శాతం దగ్గరికి వెళ్తుంది.

సరే, ఈజీగా పరిగెడితే లోపల ఏం జరుగుతుంది? కండరాల్లో ఆక్సిజన్ వాడి ఎనర్జీ తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. గుండె ఒక్కో బీట్‌కి ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఈజీ రన్ అంటే సర్వర్ కెపాసిటీ పెంచడం, హార్డ్ రన్ అంటే లోడ్ టెస్ట్. రోజూ లోడ్ టెస్ట్ చేస్తూ కూర్చుంటే కెపాసిటీ ఎప్పుడు పెంచుతాం?

మరి నాలాగా మీడియంలో పరిగెడితే నష్టమేంటి? సైలర్ టీమ్ 2007లో బాగా ట్రైన్ అయిన అథ్లెట్ల మీద ఒక స్టడీ చేసింది. వ్యాయామం తర్వాత నాడీ వ్యవస్థ ఎంతసేపట్లో మామూలు స్థితికి వస్తుందో చూశారు. ఈజీగా రెండు గంటలు చేసినా దాదాపు వెంటనే కోలుకున్నారు. ఆ ఈజీ గీత దాటితే మాత్రం రికవరీ బాగా లేటయింది. అసలు పాయింట్ ఏంటంటే, మీడియం చేసినా హార్డ్ చేసినా ఆ లేటు దాదాపు ఒకటే. అంటే మీడియం పరుగుకి హార్డ్ రేటు కడుతున్నాం, కానీ హార్డ్ ఇచ్చే లాభం పూర్తిగా రావట్లేదు. పైగా ఆ అలసటతో మర్నాడు నిజంగా హార్డ్ చేద్దామన్నా కాళ్ళు లేవవు.

అదే 2007లో స్పెయిన్‌లో రన్నర్లని రెండు గ్రూపులు చేసి అయిదు నెలలు ట్రైన్ చేశారు. మొత్తం లోడ్ ఇద్దరికీ సమానం. ఒక గ్రూప్‌కి సుమారు 80 శాతం ఈజీ, ఇంకో గ్రూప్‌కి ఈజీ తగ్గించి మీడియం పెంచారు. చివర్లో 10.4 కిలోమీటర్ల రేస్ పెడితే ఈజీ ఎక్కువ చేసిన గ్రూప్ సగటున 157 సెకండ్లు మెరుగైంది, రెండో గ్రూప్ సుమారు 121. రన్నర్లు పన్నెండు మందే, చిన్న స్టడీ. అందుకని ఇదే వేదం అనను. రెండు గ్రూపులూ మెరుగయ్యాయన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈజీ అంటే ఎంత ఈజీ? వాచ్‌లో 220 మైనస్ వయసు ఫార్ములాని గుడ్డిగా నమ్మకండి, అది మనిషిని బట్టి పది బీట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే అటూఇటూ అవుతుంది. నా టెస్ట్ సింపుల్. పరిగెడుతూ అమ్మకి ఫోన్ చేయండి. ఆవిడ మామూలుగా మాట్లాడుతుంటే అది ఈజీ. "ఏంట్రా ఆ ఆయాసం?" అని అడిగిందంటే స్పీడు తగ్గించండి.

నాకైతే ఆ స్పీడు కిలోమీటర్‌కి 7 నిమిషాల 50 సెకండ్లకి పడిపోయింది. మొదటివారం సిగ్గేసింది. పార్కులో చేతులు ఊపుకుంటూ స్పీడ్ వాకింగ్ చేసే అంకుల్ ఒకాయన నన్ను దాటినంత పని చేశారు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ ఎత్తు వస్తే, ఆ నార్వే ఆవిడలాగే నేనూ నడిచాను. వేసవిలో అదే స్పీడుకి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అప్పుడు ఇంకా స్లో. గ్రూప్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టడం మానేశాను. నిజం చెప్పాలంటే అదే అన్నిటికంటే కష్టం.

వారానికి అయిదు రోజుల్లో నాలుగు ఈజీ. మిగిలిన ఒక్కరోజు మాత్రం మొహమాటం లేదు. పది నిమిషాల వార్మప్, తర్వాత 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు మెల్లగా, అలా నాలుగు సార్లు. గట్టిగా అంటే రెండు మూడు మాటలకి మించి మాట్లాడలేనంత. నాలుగు నెలల తర్వాత నా 10కె 57 నిమిషాలకి వచ్చింది. కాలి నొప్పి మళ్ళీ రాలేదు. ఇది నా ఒక్కడి లెక్క, మీకూ ఇదే నంబర్ వస్తుందని గ్యారంటీ ఇవ్వను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి ఆరు, ఎనిమిది వారాలు మొత్తం ఈజీనే చేయండి, పరుగు, నడక కలిపి. వారానికి రెండు రోజులే కుదిరితే 80/20 లెక్కల్లో తల బద్దలు కొట్టుకోకండి, ఒకటి ఈజీ, ఒకటి కొంచెం గట్టిగా, చాలు. బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, హార్డ్ సెషన్ కంటే ముందు డాక్టర్.

రేపు పొద్దున రన్‌కి వెళ్ళినప్పుడు పేస్ చూడకుండా ఒక్కసారి అమ్మకి ఫోన్ చేయండి. ఆవిడ ఏమన్నారో కింద కామెంట్‌లో రాయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!